వానాకాలమంతా పెరడు బురదే, కుక్కల కాళ్ళకి ఇబ్బంది లేకుండా నేల మీద ఏం వేయాలి?

చింటూ_నాన్న
పెరడు 40 అడుగుల పొడవు, 25 అడుగుల వెడల్పు ఉంటుంది. ఇంట్లో రెండు కుక్కలు. చింటూ లాబ్రడార్, నాలుగేళ్ళు, 32 కిలోలు. స్వీటీ 9 కిలోలే, కాళ్ళు పొట్టి, పొట్ట నేలకి జానెడు ఎత్తులో ఉంటుంది. రెండేళ్ళ కింద లాన్ పరిపించాం. మొదటి వానలకే ప్రహరీ గోడ వెంట చింటూ పరుగెత్తే దారిలో గడ్డంతా లేచిపోయింది. మిగిలినదాంట్లో అక్కడక్కడా పళ్ళెమంత పసుపు మచ్చలు పడ్డాయి. ఇప్పుడు గేటు దగ్గర్నుంచి వంటింటి గుమ్మం దాకా చీలమండ లోతు బురద.

రోజుకి ఆరుసార్లు కాళ్ళు కడుగుతున్నాం. స్వీటీ వేళ్ళ సందుల్లో చర్మం ఎర్రబడింది, రాత్రంతా నాకుతూనే ఉంటుంది. దాన్ని అలా చూస్తుంటే నిద్ర పట్టడం లేదు. కంకర పోయమని ఒకరు, ప్లాస్టిక్ గడ్డి వేయమని ఒకరు, ఏకంగా సిమెంటు చేయించేయమని ఇంకొకరు అంటున్నారు. కుక్కలున్న వాళ్ళు మీ పెరట్లో ఏం వేశారు, ఎన్నాళ్ళు నిలిచిందో చెప్పండి.

గరికపోచ
మా ఇంట్లో మూడు కుక్కలు. ఉత్త గరికే వేశాం, ఏడేళ్ళుగా ఉంది. గరికకి నేల మీద పాకే తీగలూ ఉంటాయి, మట్టిలోపల పాకే దుంపకాడలూ ఉంటాయి. కుక్క ఒకచోట పీకేసినా పక్కనుంచి అల్లుకుంటూ వచ్చి మూసేస్తుంది. మెత్తటి విదేశీ లాన్ గడ్డి చాలావాటికి ఆ శక్తి లేదు. మీరు పరిపించింది ఏ గడ్డి?

చింటూ_నాన్న
మెక్సికన్ గ్రాస్ అని ఇచ్చారు. పరిచిన మొదటి నెల తివాచీలా ఉంది.

గరికపోచ
ఆ పేరుతో ఇచ్చేది ఎక్కువగా జోయ్సియా రకం. దట్టంగా వస్తుంది, చూడ్డానికి బాగుంటుంది. కానీ పెరుగుదల మహా నెమ్మది. ఒకసారి చిరిగితే పూడటానికి నెలలు పడుతుంది, ఈలోపు చింటూ మళ్ళీ చింపేస్తాడు. గరిక వేసి చూడండి.

నీడచెట్టు
గరికపోచ గారూ, గరిక గొప్పదే, ఒప్పుకుంటాను. కానీ దానికి నిండు ఎండ కావాలి. మా పెరట్లో పెద్ద మామిడి చెట్టుంది. దాని కింద మూడుసార్లు గరిక నాటాను, మూడుసార్లూ పలచబడి చచ్చిపోయింది. రోజుకి కనీసం ఆరు గంటలు ఎండ తగలని చోట దాని మీద ఆశ పెట్టుకోవద్దు. చింటూ నాన్న గారూ, మీ పెరట్లో ఎండ ఎంతసేపు ఉంటుంది?

చింటూ_నాన్న
మధ్యలో బాగానే పడుతుంది. గోడ వెంట మాత్రం పొద్దున ఒక గంట, అంతే.

మట్టిగడ్డ
గడ్డి రకం గురించి తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఆ నీళ్ళు ఎక్కడినుంచి వస్తున్నాయో, ఎందుకు పోవడం లేదో చూడాలి. ఇరవై ఏళ్ళుగా నేల పనులు చేయిస్తున్నాను. నీళ్ళు నిలిచే నేల మీద గడ్డి వేసినా, పేళ్ళు వేసినా, రాళ్ళు పోసినా రెండు వానలకి బురద పైకి వచ్చేస్తుంది. కంకర అయితే ఇంకా అన్యాయం, మట్టిలోకి దిగబడిపోతుంది. తర్వాత ఏరుదామన్నా రాదు.

ఒక పని చేయండి. బురద ఎక్కువున్న చోట అడుగు లోతు, అడుగు వెడల్పు గుంత తవ్వండి. నిండా నీళ్ళు పోసి ఒకసారి పూర్తిగా ఇంకనివ్వండి. మళ్ళీ నింపి, కర్ర ముక్క మీద గీతలు పెట్టుకుని గంటకి ఎంత దిగిందో కొలవండి. గంటకి అంగుళమో, అంతకన్నా ఎక్కువో దిగితే నేల మంచిదే, పైపైన గట్టిపడిందని అర్థం. అర అంగుళం కూడా దిగకపోతే నీళ్ళకి వేరే దారి చూపించాల్సిందే.

ఇంకో మాట. మీ ఇంటి పైకప్పు నీళ్ళు ఎటు పడుతున్నాయి?

తోకఊపు
గుంత తవ్వే పని చింటూకి అప్పగిస్తే అరగంటలో అయిపోతుంది.

మట్టిగడ్డ
తవ్వుతాడు, కానీ కొలత ప్రకారం తవ్వడు కదా.

పెరటిపిట్ట
మేము ప్లాస్టిక్ గడ్డి వేయించాం. బురద అన్న మాటే లేదు. గుమ్మంలో తుడిచే పనీ పోయింది. అందరూ దాన్ని తిడతారు గానీ, కింద కంకర పొర సరిగ్గా వేసి నీళ్ళు దిగేలా పరిస్తే హాయిగా ఉంటుంది. వారానికి రెండుసార్లు పైపుతో కడుగుతాను.

మువ్వలపట్టీ
ఎండాకాలం మాటేమిటి? మా చెల్లెలు వాళ్ళింట్లో అదే వేయించారు. మిట్టమధ్యాహ్నం దాని మీద చెయ్యి పెడితే చురుక్కుమంది. కుక్క ఒక్క అడుగు వేసి వెనక్కి గెంతి గుమ్మంలోనే నిలబడిపోయింది, పాపం. ఒకటికి వెళ్ళాలన్నా సాయంత్రం దాకా ఆగాల్సి వచ్చేది.

పెరటిపిట్ట
మాకు మధ్యాహ్నం రెండు తర్వాత పక్కింటి నీడ వస్తుంది, అందుకే అంత తెలియలేదనుకుంటా. ఈ విషయం ముందే రాయాల్సింది.

సూదిమందు
పశువుల ఆసుపత్రిలో సహాయకురాలిగా పనిచేస్తున్నాను. ప్లాస్టిక్ గడ్డి నిండు ఎండలో 60 డిగ్రీలు దాటడం మామూలే. అరికాళ్ళు బొబ్బలెక్కిన కుక్కల్ని ప్రతి వేసవిలో చూస్తాం. ప్లాస్టిక్ గడ్డి, సిమెంటు, రాయి, ఏదైనా సరే, మీ అరచెయ్యి వెనక వైపు దాని మీద ఏడు సెకన్లు ఆనించి ఉంచండి. మీరు ఉంచలేకపోతే దాని మీదికి కుక్కని పంపకూడదు.

స్వీటీ గురించి ఎక్కువ కంగారుగా ఉంది నాకు. వేళ్ళ సందులు ఎర్రబడి నాకుతూ ఉందంటే తడివల్ల ఫంగస్ గానీ, బాక్టీరియా గానీ పట్టి ఉండొచ్చు. ఒకసారి డాక్టరుకి చూపించండి. కాళ్ళు కడగడం కన్నా ఆరబెట్టడం ముఖ్యం. కడిగి తడితో వదిలేస్తే కడగకపోవడం కన్నా చేటు. పొడి గుడ్డతో ఒక్కొక్క వేలి సందూ విడదీసి అద్దాలి, రుద్దకూడదు.

నిలిచిన నీళ్ళు ఉన్నచోట ఎలుకలు తిరుగుతుంటే ఎలుక జ్వరం కూడా గుర్తుపెట్టుకోవాలి. ఎలుకల మూత్రం కలిసిన బురద నుంచి కుక్కలకీ వస్తుంది, మనకీ వస్తుంది. కుక్కలకి టీకా ఉంది. ఏటేటా వేయించారో లేదో పుస్తకం తీసి చూడండి.

చింటూ_నాన్న
పుస్తకం చూశాను. చింటూకి వేయించాం, స్వీటీది రెండు నెలల కిందటే గడువు దాటిపోయింది. రేపే తీసుకెళ్తున్నాను. చెప్పినందుకు చాలా థాంక్స్ అండీ.

వానచినుకు
గులకరాళ్ళు వేయండి. గుండ్రటివి, బఠాణీ గింజంత సైజు. నీళ్ళు దిగిపోతాయి, కాళ్ళకి గుచ్చుకోవు, కడిగితే వాసన పోతుంది. మా టైగర్ ఐదేళ్ళుగా దాని మీదే తిరుగుతున్నాడు.

మువ్వలపట్టీ
దయచేసి రాళ్ళ విషయంలో మీ కుక్క అలవాటు చూసుకోండి. మా లడ్డూకి ఎనిమిది నెలల వయసు అప్పుడు. ఇంటి ముందు గులకరాళ్ళు పరిపించాం. రెండు రోజులు వాంతులు చేసుకున్నాడు, తిండి ముట్టలేదు. ఎక్స్‌రే తీస్తే పేగులో రాళ్ళు తెల్లగా వరసగా కనబడ్డాయి. ఆపరేషన్ చేశారు. బతికాడు. ఇప్పటికీ పొట్ట మీద ఆ గీత చేతికి తగిలినప్పుడల్లా గుండె ఝల్లుమంటుంది. పక్క రోజే రాళ్ళన్నీ ఎత్తించేశాం.

వానచినుకు
అయ్యో. టైగర్ ఏదీ నోట్లో పెట్టుకోడు కాబట్టి నాకు ఈ ఆలోచనే రాలేదు. కుక్కపిల్లలున్న వాళ్ళు వద్దంటే వద్దు.

సూదిమందు
మువ్వలపట్టీ గారు చెప్పింది మా దగ్గర అరుదేం కాదు. ప్రతిదీ కొరికే వయసు దాటని కుక్క, బంతి అనుకుని రాయి తెచ్చిచ్చే కుక్క ఉన్న ఇంట్లో చిన్న రాళ్ళు పెట్టకండి. కంకర సంగతి సరేసరి, అంచులు కత్తుల్లా ఉంటాయి.

చింటూ_నాన్న
చింటూ గురించి తెలిసినవాళ్ళెవరూ రాళ్ళు వేయమనరు. చెప్పు, సబ్బు, ఒకసారి టీవీ రిమోటు. రాళ్ళ మాట ఇక తీసేద్దాం.

ఇందాకే గుంత తవ్వాను. పై నాలుగు అంగుళాలు గడ్డపారకి కూడా లొంగలేదు, దిమ్మిస కొట్టినట్టు ఉంది. దాని కింద జిగట బంకమట్టి. పిసికితే చేతిలో బొమ్మలా నిలబడింది. రెండోసారి నింపి గంట ఆగాను. పావు అంగుళం కూడా దిగలేదు.

ఇక మట్టిగడ్డ గారు అడిగిన పైకప్పు నీళ్ళు. సగం డాబా నీళ్ళు ఒకే పైపులోంచి వంటింటి మూల దగ్గర నేల మీదికి పడుతున్నాయి. సరిగ్గా బురద మొదలయ్యేది అక్కడే! ఇన్నాళ్ళూ కుక్కల్నే అన్నాం.

మట్టిగడ్డ
దొరికింది. లెక్క చూడండి. చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే లీటరు నీళ్ళు. మీ సగం డాబా 60 చదరపు మీటర్లు అనుకుందాం. 25 మిల్లీమీటర్ల వాన పడితే 1500 లీటర్లు ఆ ఒక్క మూలలో కుమ్మరించినట్టు. బంకమట్టి నేల అది తాగలేదు, దాని మీద 32 కిలోల కుక్క పరుగెడుతుంది. ఏ గడ్డి మాత్రం ఆగుతుంది?

ముందు ఆ పైపుని పొడిగించి కుక్కలు తిరగని వైపుకో, తొట్టిలోకో, ఇంకుడు గుంతలోకో మళ్ళించండి. ఇంకుడు గుంత అయితే పునాదికి దూరంగా పెట్టండి. సగం బురద దీంతోనే పోతుంది.

మిగతా సగానికి కాలువ. అడుగున్నర లోతు, అడుగు వెడల్పు తవ్వి, జియో టెక్స్‌టైల్ గుడ్డ (నీళ్ళని వదిలి మట్టిని ఆపేది) పరిచి, చిల్లుల పైపు పెట్టి, చుట్టూ కంకర నింపి, గుడ్డని మీదికి మడిచి పైన మట్టి వేయాలి. వాటం ముఖ్యం. నూరు అడుగులకి ఒక అడుగు చొప్పున దిగాలి, అంటే మీ 40 అడుగులకి దాదాపు 5 అంగుళాలు. గుడ్డ లేకుండా చేస్తే రెండేళ్ళలో బంకమట్టి కంకర సందుల్లోకి దూరి పైపు మూసుకుపోతుంది. ఈ ఒక్క తప్పు వల్ల మళ్ళీ తవ్వించుకున్న ఇళ్ళు నేను చాలా చూశాను.

పెరటిపిట్ట
అంత తవ్వకం ఎందుకు, నాలుగు బండ్లు ఇసుక తోలించి కలిపేస్తే సరిపోదా?

మట్టిగడ్డ
వద్దండీ. బంకమట్టిలో కొద్దిగా ఇసుక కలిపితే ఎండాక ఇటుకలా బిగుసుకుంటుంది. పని చేయాలంటే మట్టికి సమానంగానో, ఎక్కువగానో ఇసుక పోయాలి. అది పెరడు మొత్తం మార్చేసినట్టే. బాగా చివికిన కంపోస్టు గానీ, ఆకు ఎరువు గానీ మూడు అంగుళాల మందం పరిచి, పైన ఆరేడు అంగుళాల మట్టిలో కలిపితే నేల గుల్లబారుతుంది. నేల తడిగా ఉన్నప్పుడు మాత్రం తవ్వొద్దు, తొక్కొద్దు. తడి బంకని తొక్కితే అందులో ఉన్న కాస్త గాలి సందులు కూడా నలిగిపోతాయి.

తెల్లపిల్లి
సున్నం చల్లితే బురద త్వరగా ఆరిపోతుందని విన్నాను.

సూదిమందు
చల్లకండి. సున్నం తడి తగిలితే కాళ్ళనీ, నాకితే నోటినీ కాల్చేస్తుంది. అసలే స్వీటీ చర్మం దెబ్బతిని ఉంది.

ఎరువుల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి కూడా రాస్తాను, దీన్ని మాత్రం అందరూ చదవండి. ఆముదపు పిండి, అదే ఆముదం గింజల నూనె తీశాక మిగిలే చెక్క, కుక్కలున్న ఇంటి తోటలో వేయొద్దు. ఆ వాసన కుక్కలకి తిండి వాసనలా ఉంటుంది, తవ్వి మరీ తింటాయి. నూనె తీసినా రైసిన్ అనే విషం పిండిలో మిగిలే ఉంటుంది, వేడి చేసి విరిస్తే తప్ప పోదు. నెత్తురు విరేచనాలతో తెచ్చిన రెండు కుక్కల్ని చూశాను. ఒకటి దక్కలేదు. సేంద్రియ ఎరువు కదా, ఏం కాదులే అనుకున్నారు వాళ్ళు. కలిపిన ఎరువుల సంచీ కొనేటప్పుడు అందులో ఏమేం ఉన్నాయో చదవండి. నత్తల మందు కూడా అంతే, అందులో ఉండే మెటాల్డిహైడ్ తింటే గంటల్లో వణుకు, ఫిట్స్ వస్తాయి.

గరికపోచ
ఇది నాకు తెలియదు. మా గులాబీలకి పోయిన నెలే ఒక మిశ్రమం వేశాను. ఇప్పుడే సంచీ చూసి వస్తా.

గరికపోచ
చూశాను. వేప పిండి, ఎముకల పొడి మాత్రమే. ఊపిరి పీల్చుకున్నాను.

సూదిమందు
ఎముకల పొడి విషం కాదు గానీ వాసనకి తవ్వుతాయి, ఎక్కువ తింటే కడుపులో ముద్ద కడుతుంది. మట్టిలో బాగా లోపలికి కలిపేయండి.

నీడచెట్టు
గోడ వెంట నీడ పట్టీ గురించి. మా మామిడి కింద చివరికి చెక్క పేళ్ళు వేశాం. నాలుగు అంగుళాల మందం. అడుగున నీళ్ళు దిగే గుడ్డ, చుట్టూ ఇటుకల అంచు. కుక్కలు పరుగెత్తినా బురద లేవదు, కాలికి మెత్తగా ఉంటుంది, ఎండలో కాలదు. అది చివికిపోతుంది కాబట్టి ఏడాదికోసారి పైన రెండు అంగుళాలు కొత్తవి వేసుకోవాలి.

చింటూ గోడ వెంట పరుగెత్తడం మానడు. అది వాడి కాపలా దారి. ఆ దారిలో గడ్డి పెంచాలని వాడితో పోరాడొద్దు. గోడ పొడవునా మూడు అడుగుల వెడల్పున ఆ పట్టీని వాడికే వదిలేసి, అక్కడ పేళ్ళు వేసేయండి.

తోకఊపు
వాడి డ్యూటీ రోడ్డు వాడికి వేయించినట్టే!

మువ్వలపట్టీ
పేళ్ళు కొరికి మింగే కుక్కలుంటాయి కదా?

నీడచెట్టు
మొదటి వారం మా వాడూ రెండు మూడు నమిలాడు, పక్కనుండి వద్దన్నాం, మానేశాడు. కొత్త మోజు. కానీ చీలికలు గుచ్చుకునే రంపపు ముక్కలు కాకుండా మెత్తటి పేళ్ళు చూసుకోవాలి. రంగు వేసినవి, పాత ఫర్నిచర్ కొట్టినవి వద్దు, వాటిలో పురుగుమందులు ఉండొచ్చు. కోకో గింజల పొట్టు అని చాక్లెట్ వాసన వచ్చేది ఒకటి దొరుకుతుంది, దాన్ని అసలు రానివ్వొద్దు. చాక్లెట్‌లో కుక్కలకి విషమైన థియోబ్రోమిన్ అందులోనూ ఉంటుంది. వానల్లో పేళ్ళ మీద పుట్టగొడుగులు వస్తే కనబడగానే పీకేయాలి.

తెల్లపిల్లి
నీడలో ఆ ఊదా చారల తీగమొక్క భలే పాకుతుంది కదా, ట్రాడెస్కాన్షియా. నాటిన నెలకి నేల కనబడదు. నీళ్ళు తక్కువున్నా బతుకుతుంది.

వానచినుకు
దాంతోనే టైగర్‌కి ఆరు నెలలు నరకం. పొట్ట కింద, తొడల లోపల ఎర్రటి దద్దుర్లు. తిండి మార్చాం, షాంపూ మార్చాం, మందులు వాడాం, తగ్గలేదు. ఒకరోజు డాక్టరు గారు వాడు పగలు ఎక్కడ పడుకుంటాడని అడిగారు. ఫోటో చూపిస్తే సరిగ్గా ఆ తీగల మీదే బోర్లా పడుకుని ఉన్నాడు. పీకేసిన పది రోజులకి చర్మం మామూలైంది. స్వీటీ పొట్ట నేలకి అంత దగ్గర కాబట్టి మీరు అస్సలు వేయకండి.

తెల్లపిల్లి
మా దగ్గర పిల్లులే, కుక్కల్లేవు. ఇది తెలిసి ఉంటే చెప్పేదాన్ని కాదు.

సూదిమందు
పిల్లులు ఉన్నా జాగ్రత్తగా చూసుకోండి. ఇంకా గన్నేరు, పసుపు గన్నేరు, ఆముదం మొక్క, సైకస్ (చిన్న ఈతచెట్టులా కనబడే అలంకార మొక్క) ఈ నాలుగూ కుక్కలు తిరిగే పెరట్లో ఉండకూడదు. సైకస్ గింజ ఒకటి రెండు తిన్నా లివర్ పోతుంది. నీడలో మొక్కే కావాలంటే మాండో గడ్డి నయం. కానీ అది అంచులకే, దాని మీద పరుగెత్తనిస్తే ఉండదు.

చింటూ_నాన్న
గేటు పక్కనే సైకస్ ఉంది. అందంగా ఉందని కుండీలోంచి తీసి నేలలో నాటాం. ఈ సాయంత్రమే తీయించేస్తున్నాను.

మధ్యలో ఎండ ఉన్న భాగానికి గరికే ఖాయం చేసుకున్నాను. ఆ పసుపు మచ్చల సంగతేమిటి? స్వీటీ మూత్రంలో ఆమ్లం ఎక్కువై ఉంటుందని, నీళ్ళలో వంటసోడా కలిపి తాగించమని తెలిసినవాళ్ళు చెప్పారు.

గరికపోచ
తాగించొద్దు! ఆమ్లం కాదు. యూరియా, ఉప్పులు ఒకేచోట ఎక్కువ పడటం వల్ల గడ్డి మాడుతుంది. మచ్చని దగ్గరగా చూడండి, మధ్యలో ఎండిపోయి చుట్టూ ముదురాకుపచ్చ వలయం ఉంటుంది. మధ్యలో ఎరువు మోతాదు మించింది, అంచున సరిపోయింది, అంతే తేడా. ఆడకుక్కలు ఒకేచోట కూర్చుని మొత్తం పోస్తాయి కాబట్టి మచ్చ స్పష్టంగా పడుతుంది. వెళ్ళిన వెంటనే ఒక చెంబుడు నీళ్ళు అక్కడ పోయండి. నేను ఏడేళ్ళుగా చేసేది ఇంతే.

సూదిమందు
వంటసోడా విషయంలో గరికపోచ గారి మాటే నాదీ. అది సోడియం. మూత్రం గుణం మార్చే మందులు కూడా డాక్టరు చెబితే తప్ప పెట్టకూడదు, రాళ్ళు కట్టే ప్రమాదం ఉంది.

వానచినుకు
గరికలో తెల్ల క్లోవర్ కలిపితే మచ్చలు తక్కువ కనబడతాయి. దాని వేళ్ళ బుడిపెల్లో ఉండే బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకి ఇస్తుంది, ఎరువు అక్కర్లేదు.

గరికపోచ
దాని పూలకి తేనెటీగలు వస్తాయి. మా చిన్న కుక్క ఒకసారి తేనెటీగని నోటితో పట్టబోయి మూతి ఇంతలా వాచింది. పైగా ఒంటరిగా ఉంటే క్లోవర్ తొక్కుడుకి ఆగదు, వానల్లో నుజ్జయి జారుతుంది.

వానచినుకు
పూత రాకముందే కోసేస్తే తేనెటీగలు రావు. నేను పదిహేను రోజులకోసారి కోస్తాను.

గరికపోచ
ఓపిక ఉంటే సరే. నేనైతే కలపను.

మట్టిగడ్డ
గేటు నుంచి గుమ్మం దాకా దారి గురించి ఎవరూ చెప్పలేదు. అక్కడ మనుషులూ నడుస్తారు, కుక్కలూ నడుస్తాయి. ఏ గడ్డీ బతకదు. తేనెపట్టులా గళ్ళున్న ప్లాస్టిక్ గ్రిడ్‌లు దొరుకుతాయి. కింద కంకర పొర గట్టిగా కుదించి, పైన గ్రిడ్ పరిచి, గళ్ళలో మట్టి నింపి గరిక నాటండి. బరువంతా గళ్ళ గోడలు మోస్తాయి, వేళ్ళు నలగవు. లేదంటే రంధ్రాల రబ్బరు మ్యాట్లు పరిచినా నడుస్తుంది.

నీడచెట్టు
ఇంకో ముఖ్యమైన సంగతి. నాటిన వెంటనే కుక్కల్ని వదిలితే మొత్తం శ్రమ వృథా. కనీసం ఆరేడు వారాలు కట్టడి చేయాలి. పెరడుని తాత్కాలిక కంచెతో రెండుగా చేసి, ఒక సగం నాటి, రెండో సగంలో కుక్కల్ని తిప్పండి. మొదటిది వేళ్ళు తన్నాక మార్చండి. చేత్తో గడ్డిని పట్టి మెల్లగా లాగి చూడండి. మట్టితో సహా లేచి వస్తే ఇంకా ఆగాలి.

సూదిమందు
పేళ్ళు వేసినా, గడ్డి వేసినా మలం మాత్రం ఏ రోజుది ఆ రోజే తీసేయండి. తడి నేలలో కొంకి పురుగుల గుడ్లు పొదిగి పిల్లలు బయటికి వస్తాయి. చెప్పుల్లేకుండా నడిచే మన పాదాల చర్మంలోకి కూడా దూరతాయి. గడ్డి ఏపుగా పెరగనిస్తే గోమార్లు చేరతాయి, రెండు మూడు అంగుళాల దగ్గర ఉంచండి. పల్లేరు మొక్క కనబడితే కాయ పట్టకముందే పీకేయండి.

చింటూ_నాన్న
అందరి మాటలూ ఒక కాగితం మీద రాసుకున్నాను. మా ఆవిడ దాన్ని ఫ్రిజ్ మీద అంటించింది. పైపు పని రేపు మొదలు.

తోకఊపు
మూడు నెలలాగి ఫోటోలు పెట్టాలి. చింటూ రిబ్బన్ కత్తిరించాలి.

చింటూ_నాన్న
నాలుగు నెలలు అవుతోంది. చెప్పినట్టే తిరిగి వచ్చాను.

డాబా పైపుని ఇంటి పక్క సందులోకి మళ్ళించి, చివర ఇంకుడు గుంత తవ్వించాం. కాలువ తవ్వకముందే మొదటి వానకి వంటింటి మూల చెరువు కాలేదు. అది చూశాక కాలువని 40 అడుగులు కాకుండా పల్లంగా ఉన్న 18 అడుగులకే పరిమితం చేశాను. వాటం నీళ్ళ గొట్టం పెట్టి చూసుకున్నాను. గోడ వెంట మూడు అడుగుల పట్టీలో పేళ్ళు వేశాం. మొదటి రోజు చింటూ దాని అంచున ఆగి, ముందు కాలు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి, ఒక్కసారిగా ఆ చివరి దాకా పరుగు తీశాడు. ఇప్పుడు ఆ దారి దాటి గడ్డిలోకి వచ్చేది బంతి కోసమే.

గరిక మొదటి సగం బాగా అల్లుకుంది. రెండో సగం నాటి నాలుగు వారాలైంది. గ్రిడ్ దగ్గర మాత్రం పొరపాటు జరిగింది, కింద కంకర సరిగ్గా కుదించలేదు, ఒక మూల కుంగింది. ఆ నాలుగు పలకలు ఎత్తి మళ్ళీ వేయాలి. గుమ్మం ముందు రబ్బరు మ్యాటు వేశాం.

స్వీటీకి డాక్టరు గారు ఫంగస్ అనే చెప్పారు. మూడు వారాల మందుతో తగ్గింది. టీకా కూడా అయింది. నిన్న రాత్రి రెండు గంటల వాన తర్వాత బయటికి వెళ్ళి వచ్చింది. పొట్ట కింద చెయ్యి పెట్టి చూశాను, గడ్డి తడి తప్ప మట్టి లేదు.

సూదిమందు
చదువుతుంటే కళ్ళు చెమ్మగిల్లాయి. వేలి సందులు ఆరబెట్టడం మాత్రం మానకండి.

మట్టిగడ్డ
18 అడుగులతో ఆపడం మంచి పని. కుంగిన మూలలో మట్టి పూర్తిగా తీసి, రెండు అంగుళాలకోసారి కంకర పోస్తూ నీళ్ళు చల్లి కుదించండి. మొత్తం ఒకేసారి పోసి దిమ్మిస కొడితే పైన మాత్రమే బిగుస్తుంది.

గరికపోచ
రెండో సగం మీద ఇంకో మూడు వారాలు వదలకండి. చింటూ ఎంత బతిమాలినా సరే.

బొప్పాయిచెట్టు
ఈ చర్చ మొత్తం ఇవాళే చదివాను. మాదీ ఇదే గొడవ, ఒక కుక్క, చిన్న పెరడు. పొద్దున గుంత తవ్వి నీళ్ళు పోశాను. రెండోసారి నింపి రెండు గంటలైంది, కర్ర మీద గీత కదల్లేదు. మా డాబా పైపు ఎటు పోతుందో టార్చి పట్టుకుని చూసొచ్చాను. కుక్క గూడు వెనక్కి.

మట్టిగడ్డ
గూడు ముందు జరపండి. పెరడు కొలతలు, పల్లం ఎటు ఉందో రాయండి, చూద్దాం.